సర్దుకోవాల్సింది ఎవరు?

అమరాపురం మండల ప్రజలకు, మన ఊరి మీదుగా మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, శిరా వైపు పోయి వచ్చే ప్రయాణికులకు ఒక మనవి

అన్నలారా, అక్కలారా, పెద్దలారా, కాలేజీకి పోయే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

ఈ కాగితం ఓట్ల కోసం అచ్చువేసింది కాదు. చీటీల కంపెనీదో, బోరుబండిదో ప్రకటన కాదు. చందా అడగడానికీ రాలేదు. మీ సమయం ఒక పది నిమిషాలు ఇస్తే చాలు. టీ అంగట్లో కూర్చుని చదవండి. బస్సు వచ్చేదాకా చదవండి. చదువురాని పెద్దలు పక్కనుంటే వాళ్లకూ చదివి వినిపించండి.

మా అమ్మకు కంటి ఆపరేషన్ చేయించి హిందూపురం నుంచి బస్సులో తీసుకొస్తున్నాను. కళ్లకు నల్లద్దాలు, తల మీద కొంగు. రెండు రోజులుగా సరిగా నిద్ర లేదు. వెనక సీట్లో ఒక పిల్లోడు ఫోన్ తెరిచాడు. ఒక పాట సగంలో ఉండగానే ఇంకో పాట, అది ముగిసేలోపు ఎవరిదో అరుపు, ఆ వెంటనే నవ్వులు. బస్సు మొత్తానికి వినపడేంత సౌండు. అమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. ముందు సీట్లో ఒక తల్లి, నిద్రపోతున్న బిడ్డ చెవి మీద కొంగు కప్పింది. పక్కనున్న పెద్దాయన వెనక్కి తిరిగి ఒకసారి చూసి మళ్లీ ముందుకు తిరిగాడు. నేను అమ్మ చెవి దగ్గర వంగితే, "పోనీలే నాయనా, సర్దుకుందాం, ఊరొచ్చేస్తుంది" అంది.

మడకశిర దాటేదాకా నేనూ నోరు మెదపలేదు. ఇక చూడలేక లేచి, "తమ్ముడూ, అమ్మకు కంటి ఆపరేషనయింది, రోంత సౌండు తగ్గిస్తావా" అని అడిగాను. వాడు కంగారుపడి ఫోన్ ఆపేశాడు. "ముందే చెప్పింటే అప్పుడే ఆపేసుంటి కదన్నా" అన్నాడు. బస్సు దిగేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది కూడా ఆ పిల్లోడే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడిది చెడ్డ మనసు కాదు. పక్కన మనుషులున్నారన్న ధ్యాస లేదు, అంతే. ఆ ధ్యాస తెప్పించే మాట మా నలభై మందిలో ఒక్కరి నోట్లోంచీ రాలేదు. తప్పు వాడిది సగం, మాది సగం. మా సగం గురించీ, వాడి సగం గురించీ మాట్లాడటానికే ఈ కరపత్రం.

"స్వల్ప అడ్జస్ట్ మాడి"

మనది సరిహద్దు సీమ. ఇంట్లో ఒక భాష, సంతలో ఇంకో భాష. ఒకే వాక్యంలో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాం. మనకు బాగా అలవాటైన మాటల్లో "స్వల్ప అడ్జస్ట్ మాడి" ఒకటి. తెలుగులో దాన్నే "రోంత సర్దుకో" అంటాం. ఎంత మంచి మాట అది! ముగ్గురు కూర్చునే సీట్లో నాలుగో మనిషికి చోటు ఇప్పించిన మాట. ఇంటికి అనుకోకుండా చుట్టాలొస్తే ఉన్న సంగటినే నలుగురికీ పంచిన మాట. ఈ కరువు సీమలో ఒకరికొకరు ఆసరాగా బతకడం నేర్పిన మాట.

ఆ మాట ఇప్పుడు తిరగబడింది. అడ్డం పెట్టినవాడు సర్దుకోడు, అడ్డం తగిలినవాడు సర్దుకోవాలి. వీధిలో బండి అడ్డంగా పెట్టినాయన "పక్కనుంచి పో, సర్దుకో" అంటాడు. రాత్రి పన్నెండింటికి మైకు పెట్టినాయన "ఒక్కరోజే కదా, సర్దుకో" అంటాడు. బస్టాండు గోడ తడిపినాయనకు ఆ మాట కూడా అక్కర్లేదు. ముక్కు మూసుకుని సర్దుకునేది మనం.

అందుకే అడుగుతున్నాను. సర్దుకోవాల్సింది ఎవరు? ఇబ్బంది పడేవాళ్లా, ఇబ్బంది పెట్టేవాళ్లా?

ఆకూ వక్కా మర్యాద

మన మండలంలో వక్క తోటలున్నాయి. బోరు నీళ్లతో, అప్పులతో, ఎండిన చెట్టును చూసి కన్నీళ్లతో పెంచుకున్న తోటలవి. వక్క ఒలిచి, ఉడకబెట్టి, ఎండబెట్టే పనితో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. పెళ్లికి పిలవాలన్నా, పెద్దలకు మొక్కాలన్నా, సంబంధం ఖాయం చేసుకోవాలన్నా ఆకూ వక్కా చేతిలో పెడతాం. మర్యాదకు మనం పెట్టుకున్న గుర్తు అది.

ఆ మర్యాదే మన బస్టాండులో, ఆఫీసుల మెట్ల మూలల్లో, బ్యాంకు గోడ మీద ఎర్రటి మరకై కనపడుతోంది. కదిలే బస్సు కిటికీలోంచి ఒకరు ఉమ్మితే వెనక బండి మీద వచ్చే ఆడబిడ్డ మొహాన పడుతుంది. ఆమె బండి ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరిని తిట్టాలో తెలియక మళ్లీ బయలుదేరుతుంది. అది మన చెల్లెలైతే?

తాంబూలం వేసుకునే అలవాటు ఈ సీమకు కొత్తది కాదు. పక్కనున్న పెనుకొండ విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న ఊరు. ఆ కాలంలో తాంబూలం ఉన్నచోట తమ్మపడిగ కూడా ఉండేది. తమ్మపడిగ అంటే ఉమ్మి వేసుకునే పాత్ర. నమలడం తెలిసినవాళ్లకు ఎక్కడ ఉమ్మాలో కూడా తెలుసు. మనం మొదటిది ఉంచుకుని రెండోది పారేసుకున్నాం.

ఉమ్మితో పోయేది గోడ అందం ఒక్కటే కాదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దగ్గు, తుమ్ము, గల్ల జాగ్రత్తగా చూసుకోవాలని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు. వక్క నమలడం వల్ల నోటి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో అచ్చువేసిన నివేదికలోనే తేల్చింది. గుట్కా, పొగాకు కలిస్తే ముప్పు మరీ ఎక్కువ. వక్క పండించే ఊరివాణ్ణి కాబట్టి ఈ మాట రాయడం నాకూ కష్టంగానే ఉంది. కానీ అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. నమిలేవాళ్లు మానగలిగితే మేలు. మానలేకపోతే కనీసం చిన్న డబ్బానో, కవరో దగ్గర పెట్టుకోండి.

బస్సులో

బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి టవల్ సీట్లో పడుతుంది. తలుపు దగ్గర తోపులాట. చంకలో బిడ్డతో ఉన్నామె చివరగా ఎక్కుతుంది. సీటు మీద టవల్ కూర్చుని ఉంటుంది, బిడ్డతల్లి నిలబడి ఉంటుంది. ముందుగా ఎక్కినవాళ్లకు ముందుగా సీటు అన్నది న్యాయం. ముందుగా విసిరినవాళ్లకు సీటు అన్నది ఏ న్యాయం?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. బస్సుల్లో రద్దీ పెరిగింది, నిజమే. దానికి ఆడవాళ్లను ఎగతాళి చేసే మాటలు కూడా పెరిగాయి. "ఊరికే వస్తుంది కదా అని ఎక్కేశారు" అని వాళ్లకు వినపడేటట్టు అంటున్నారు. అక్కడ నిలబడి ఉన్నామె హిందూపురం వైపు ఫ్యాక్టరీలో పనికి పోతుండొచ్చు. ఆస్పత్రిలో చూపించుకోవడానికి పోతుండొచ్చు. కాలేజీకి పోతుండొచ్చు. పుట్టింటికి పోతున్నా సరే, ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. రద్దీ ఎక్కువైతే ఇంకో బస్సు వేయమని అందరం కలిసి అడుగుదాం. కోపం పక్కనున్న ప్రయాణికురాలి మీద చూపడం మగతనం కాదు.

రద్దీ సాకుతో ఒంటిని తాకేవాళ్ల సంగతి వేరు. అది చిరాకు పెట్టే అలవాటు కాదు, నేరం. అలాంటిది కళ్లపడితే బస్సు మొత్తం ఆ ఆడబిడ్డ పక్కన నిలబడాలి. 112కు గానీ, మహిళల సహాయానికి ఉన్న 181కు గానీ అక్కడికక్కడే ఫోన్ చేయాలి.

వరస మనకు తెలియనిది కాదు

"మన జనానికి క్యూ తెలీదప్పా" అని తేలిగ్గా అనేస్తాం. నేను ఒప్పుకోను. సబ్సిడీ విత్తన వేరుశనగ ఇచ్చే రోజులు గుర్తు తెచ్చుకోండి. తెల్లవారకముందే వచ్చిన రైతులు ఎండకు నిలబడలేక చెప్పులు వరసలో పెట్టి చెట్టుకింద కూర్చుంటారు. చెప్పుల తర్వాత పాసుపుస్తకం జెరాక్సు మీద పెట్టిన రాయి, దాని తర్వాత ఇంకెవరిదో సంచి. గంటలకొద్దీ ఆ వరస అలాగే ఉంటుంది. ఒకరి చెప్పు జరిపి తన చెప్పు ముందు పెడితే ఊరుకునేవాళ్లు లేరు.

చెప్పుకు ఇంత గౌరవం ఇచ్చే మనం, ఆస్పత్రిలో ఓపీ చీటీ దగ్గర మనిషికి ఎందుకు ఇవ్వలేకపోతున్నాం? కర్ర పట్టుకుని గంటసేపు నిలబడిన ముసలమ్మను దాటి, "నాదొక్కటే చిన్న పని" అంటూ కిటికీలో చెయ్యి పెట్టేస్తాం. లోపల తెలిసిన మనిషి ఉంటే పక్క తలుపులోంచి పోతాం. పెద్దోళ్ల పేరు చెప్పి ముందుకు పోతాం. వెనకనున్న ముసలమ్మకూ అది ఒక్కటే పని. ఆమెకు పేరు చెప్పుకోవడానికి పెద్దమనిషి లేడు, అంతే తేడా.

రోడ్డు అందరిది, కళ్లం కాదు

ఈ మాట రాయడానికి చాలాసేపు ఆలోచించాను. రైతును నొప్పించాలని నాకు లేదు. రాగి కోతలైనా, ఉలవలైనా, కందులైనా నూర్చుకోవడానికి చోటు లేక రోడ్డు మీద పరుస్తున్నారు. బండ్లు తొక్కుతాయి, కూలి మిగులుతుంది. ఒకప్పుడు ఊరి చివర ఉండే కళ్లాలు ఇళ్లస్థలాలయ్యాయి, తోటలయ్యాయి. చిన్న రైతుకు వేరే దారి కనపడటంలేదు.

కానీ ఆ కట్టె మీద బైకు టైరు జారితే మనిషి లేవడు. రాత్రి కుప్పల మీద నల్ల పట్ట కప్పి, చుట్టూ బండరాళ్లు పెట్టి ఇంటికి పోతాం. ఎదురుగా వచ్చే లారీ లైటు కళ్లలో పడినప్పుడు బైకు మీద వచ్చే మనిషికి ఆ నలుపూ రోడ్డు నలుపూ ఒకటే. రాయి తగిలి పడినవాడు కూడా రైతే, లేదంటే రైతు కొడుకే. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ ప్రకారం దారికి అడ్డం పెట్టి జనానికి ప్రమాదం తెస్తే 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. జరిమానా సంగతి తర్వాత. పోయిన ప్రాణానికి ఏ సెక్షన్ వెల కడుతుంది?

కాబట్టి రెండు పనులు జరగాలి. ప్రతి ఊరికీ ఒక ఉమ్మడి కళ్లం కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. రైతు పక్షాన అలా అడిగేవాళ్లలో ముందు మనమే ఉండాలి. కళ్లం వచ్చేదాకా, తప్పక రోడ్డు వాడుకోవాల్సి వస్తే సగం దారి వదలండి, మలుపుల్లో పరచకండి, పొద్దుగూకేలోపు ఎత్తేయండి. రాళ్లు మాత్రం ఒక్కటి కూడా రోడ్డు మీద వదలొద్దు.

బండ్లు నడిపే తమ్ముళ్లకు ఇంకో మాట. ఎదురు బండి కనపడగానే లైటు డిమ్ చేయండి. మీ కళ్లకు వెలుగు కావాలి, ఎదుటివాడి కళ్లకూ కావాలి. ఒక బండి మీద ముగ్గురు పోతే కేంద్ర మోటారు వాహనాల చట్టంలో 1,000 రూపాయల జరిమానా, హెల్మెట్ లేకపోతే ఇంకో 1,000. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. 2019లో చట్టం మార్చినప్పుడు అంబులెన్సు విషయంలో ఇంత గట్టిగా రాశారంటే దారి దొరక్క ఎన్ని ప్రాణాలు పోయుంటాయో ఆలోచించండి. పెద్దాస్పత్రి చేరాలంటే మన మండలం నుంచి దూరం పోవాలి. ఆ దూరంలో ఒక సంత రోజు రోడ్డుకు అడ్డంగా నిలిపిన ఆటో, "ఒక్క నిమిషం" అని వదిలిపోయిన బైకు 108ని పది నిమిషాలు ఆపగలవు. లోపల పురిటినొప్పులు పడుతున్న తల్లికి ఆ పది నిమిషాలంటే ఏమిటో ఆమెనే అడగాలి.

మైకు

పెళ్లి చేసుకోండి. గణపతిని ఊరేగించండి. జాతర చేసుకోండి, పుట్టినరోజు చేసుకోండి. సంతోషం పంచుకోవద్దని ఎవరూ అనరు. పంచుకోవడానికీ రుద్దడానికీ తేడా ఉంది.

కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్దకాలుష్య నిబంధనల్లో లెక్క స్పష్టంగా ఉంది. జనం కాపురముండే చోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకు పెట్టకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు గానీ, అది ఏడాదికి 15 రోజులకు మించకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవచ్చు. 85 డెసిబెళ్లు దాటిన శబ్దంలో ఎక్కువసేపు గడిపితే చెవి లోపలి సున్నితమైన కణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. డీజే బాక్సుల ముందు పసిబిడ్డను భుజాన ఎత్తుకుని ఎగిరే తండ్రికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఈ నిబంధనల మీద సుప్రీంకోర్టు 2005 జులై 18న ఇచ్చిన తీర్పు వెనక ఒక విషాదం ఉంది. ఒక 13 ఏళ్ల పాప మీద అత్యాచారం జరిగింది. కాపాడమని ఆ బిడ్డ పెట్టిన కేకలు పక్కనే మోగుతున్న మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. అదే రోజు సాయంత్రం ఆ పాప ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. దాన్ని చూసి కడుపు మండిన ఒక ఇంజినీరు కోర్టు తలుపు తట్టాడు. ఈసారి మైకు సౌండు పెంచేముందు ఆ పాపను ఒక్కసారి తలచుకోండి. మన వీధిలో ఎవరు ఎవరిని పిలుస్తున్నారో ఆ మోతలో మనకు వినపడుతుందా? గుండెజబ్బు తాత మంచినీళ్లు అడిగితే వినపడుతుందా? మార్చి నెలలో పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్ల పుస్తకం మూసి ఏడిస్తే వినపడుతుందా?

గోడ, సీసా, శిల

గోడ మీద మూత్రం పోయొద్దని రాస్తే ఎవరూ ఆగలేదు. అందుకని కొన్ని ఊళ్లలో గోడలకు దేవుళ్ల బొమ్మలు అంటించారు, పెంకులు అతికించారు. వేంకటేశ్వరుడి పక్కన శిలువ, దాని పక్కన మసీదు బొమ్మ. మనుషుల మీద గౌరవం లేదు కాబట్టి దేవుళ్లను కాపలా పెట్టుకున్నాం! మన బస్టాండులో ఆడవాళ్లు దాహమేసినా నీళ్లు తాగకుండా గంటలు గడుపుతారు. ఎందుకో మగవాళ్లు ఎప్పుడైనా అడిగారా? మరుగుదొడ్డి లేకపోవడం, ఉన్నా తాళం వేసి ఉండటం, తాళం తీసినా లోపలికి పోలేని స్థితిలో ఉండటం. ఈ మూడింటికీ బాధ్యులను నిలదీయాలి. మరుగుదొడ్డి బాగున్నచోట మాత్రం గోడ వైపు తిరగడానికి మనకు ఏ సాకూ లేదు.

చీకటి పడ్డాక కల్వర్టు మీద, చెరువు కట్ట మీద, బడి మైదానంలో తాగి, ఖాళీ సీసాను రాయికేసి కొట్టేవాళ్లున్నారు. తెల్లారి ఆ దారిన పోయేది గొర్రెల మంద. ఆ వెనక కాపరి. ఆ తర్వాత బడిపిల్లలు. గిట్టలో గాజుపెంకు దిగిన గొర్రె కుంటుతుంది, మేత మానేస్తుంది, సంతలో ధర పలకదు. తాగినవాడికి ఆ చప్పుడు ఒక్క క్షణం సరదా. కాపరి ఇంట్లో అది ఒక నెల సంపాదన.

మన మండలంలోనే హేమావతి ఉంది. ఒకప్పుడు హెంజేరు అన్న పేరుతో నొలంబ పల్లవులకు రాజధాని. సిద్ధేశ్వరుడి గుడి, అద్దంలాగా నునుపెక్కిన నల్లరాతి స్తంభాలు, వాటి మీది చెక్కడాలు చూడటానికి దూరప్రాంతాల నుంచి చదువుకున్నవాళ్లు వస్తారు. ఎక్కడైనా సరే, పాత గుడి రాతి మీద మేకుతో ప్రేమికుల పేర్లు చెక్కడం, దీపం నూనె స్తంభాలకు పూయడం, నీళ్ల సీసాలు ప్రాకారంలో వదలడం మన తాతల ముఖాన గీసినట్లే. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2010లో సవరించిన చట్టం చెబుతోంది.

"నీకెందుకప్పా?"

చెప్పబోతే మనకు వచ్చే మొదటి జవాబు ఇది. ఆ జవాబుకు భయపడే మనం నోరు మూసుకుంటున్నాం. వాళ్లు మన కులం వాళ్లు కారు, లేదా మన కులం వాళ్లే. వాళ్లది ఆ పార్టీ, మనది ఈ పార్టీ. రేపు పొలం గట్టు దగ్గర మొహాలు చూసుకోవాలి. ఈ భయాలన్నీ నాకూ తెలుసు, నేనూ ఇక్కడే బతుకుతున్నాను.

అయినా ఒక సంగతి గుర్తుచేస్తాను. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు పాఠం చదివి తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటలు ఊరి సారా అంగడి దాకా పోయాయి. ఆ ఊరి నుంచి ఊరూరికీ పాకాయి. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. వాళ్ల చేతిలో డబ్బు లేదు, పదవి లేదు. "మాకెందుకులే" అనుకోకపోవడమే వాళ్ల బలం. సారా అంగడిని మూయించగలిగిన మాట, ఒక ఫోన్ సౌండు తగ్గించలేదా?

చెప్పే తీరు మాత్రం మనం నేర్చుకోవాలి. నలుగురిలో పరువు తీసేటట్టు అరిస్తే తప్పు చేసినవాడు కూడా మొండికేస్తాడు. దగ్గరికి పోవాలి. వరస పెట్టి పిలవాలి. అన్నా, అక్కా, నాయనా, తమ్ముడూ. ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలి. చేయాల్సింది ఏమిటో ఇంకో వాక్యంలో అడగాలి. "అన్నా, ఏమనుకోవద్దు, బండి కొంచెం పక్కకు పెడితే అంబులెన్సు పోతుంది." ఇంతే. విన్నాక మంచిమాట చెప్పి రావాలి. ఒకరు చెబుతున్నప్పుడు పక్కనున్నవాళ్లు "అవునన్నా, నిజమే" అని గొంతు కలపాలి. ఆ ఒక్క తోడు లేకనే చెప్పేవాడు ఒంటరివాడవుతున్నాడు. తాగి ఉన్నవాళ్లతో, చెయ్యి చేసుకునేవాళ్లతో మాత్రం వాదన పెట్టుకోవద్దు. 112 ఉంది.

మనకు ఎవరైనా చెబితే? అది ఇంకా కష్టం. మొహం ఎర్రబడుతుంది, "నువ్వెవరు చెప్పడానికి" అని నోటిదాకా వస్తుంది. ఆ మాటను అక్కడే ఆపి, "సరేనన్నా" అనండి. నా వెనక సీట్లో కూర్చున్న పిల్లోడు ఆ రోజు అదే చేశాడు. వాడి దగ్గర నేను నేర్చుకున్నాను.

ఏం చేద్దాం? ఈ రోజు నుంచే

1. బస్సులో ఫోన్ స్పీకరు పెట్టను. ఇయర్‌ఫోన్ లేకపోతే ఊరొచ్చేదాకా ఆగుతాను.

2. రోడ్డు మీద, గోడ మీద, కిటికీలోంచి ఉమ్మను. టవల్ విసిరి సీటు పట్టను. గర్భిణికి, చంటిబిడ్డ తల్లికి, ముసలివాళ్లకు, దివ్యాంగులకు అడగకముందే లేచి చోటిస్తాను.

3. వరస తప్పను. నా వాళ్ల కోసం కూడా తప్పించను.

4. బండిని దారికి అడ్డం పెట్టను. రాత్రి ఎదురు బండి వస్తే లైటు దించుతాను. రోడ్డు మీద రాయి కనపడితే, ఎవరు పెట్టినా, దిగి పక్కకు తీస్తాను.

5. మా ఇంటి శుభకార్యంలో రాత్రి పదింటికి మైకు ఆపిస్తాను. పరీక్షల రోజుల్లో అసలు పెట్టను.

6. సీసా పగలగొట్టను. పగిలిన గాజు కనపడితే కాగితంలో చుట్టి ఎవరికీ గుచ్చుకోని చోట వేస్తాను.

7. ఇబ్బంది కళ్లపడితే మర్యాదగా చెబుతాను. చెప్పేవారికి తోడు నిలబడతాను. నాకు చెబితే వింటాను.

ఇవి ఇంటింటా చేసే పనులు. అందరం కలిసి చేయాల్సినవి మూడు. ఒకటి: తర్వాతి గ్రామసభకు ఇంటికొకరు రావాలి. ఆడవాళ్లు తప్పక రావాలి. ఉమ్మడి కళ్లం, ఆడవాళ్లు వాడుకోగల మరుగుదొడ్డి, సంత దగ్గర బండ్లు పెట్టుకునే చోటు, చెత్త తొట్లు. ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగాలి, తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా లేవకూడదు. రెండు: 2025 జనవరి నుంచి రాష్ట్రమంతటా ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఫొటోల కోసం చీపురు పట్టడం కాకుండా, ఆ రోజు ఒక్క గంట మన బస్టాండు, మన కల్వర్టు, మన చెరువు కట్ట శుభ్రం చేసుకుందాం. మూడు: పెళ్లిళ్లు చేసే పెద్దలు, గణపతి మండపాలు పెట్టే కుర్రోళ్లు, డీజే బాక్సులు బాడుగకిచ్చే అన్నలు ఒకచోట కూర్చుని రాత్రి పదింటి మాట మీద ఒప్పందం చేసుకోవాలి. పోలీసు వచ్చి ఆపించే ఊరు కంటే, తనంతట తాను ఆపుకునే ఊరు గొప్పది.

చివరగా ఈ కాగితం గురించి. చదివాక దీన్ని రోడ్డు మీద పడేయొద్దు. గోడకు అంటించొద్దు. మడిచి జేబులో పెట్టుకుని, బస్సులో మీ పక్కన కూర్చున్నవాళ్లకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రోంత జరిగి వాళ్లకు చోటివ్వండి. మనం చెప్పే మాటలన్నీ ఆ జరగడంలోనే ఉన్నాయి.

సర్దుకుందాం, అందరం! ఎప్పుడూ ఒక్కరే కాదు!
నా సౌకర్యం పక్కవారికి శిక్ష కాకూడదు!
అడగడం అవమానం కాదు! వినడం ఓటమి కాదు!

ఇట్లు,
మీతోపాటు అదే బస్సులో, అదే వరసలో, అదే రోడ్డు మీద ఉండే
అమరాపురం మనిషి